ఎవరి మూరతో కొలిచిన పనిచోటు? సింగరేణి గని శ్రమ, పదజాలం, ఎర్గోనామిక్స్: ఒక విమర్శ

వ్యాససంగ్రహం:

పనిచోటును, పనిముట్టును, పనివేళను మనిషి దేహానికీ మనసుకూ తగినట్లు రూపొందించాలని చెప్పే శాస్త్రం ఎర్గోనామిక్స్. దీనిని తెలుగులో శ్రమానుకూల శాస్త్రం అనవచ్చు. బొగ్గుగనుల భద్రత గురించి ఇంజనీర్లు, వైద్యులు ఈ శాస్త్రాన్ని ప్రస్తావిస్తున్నా, తెలుగు సాహిత్య, భాషాధ్యయనాల్లో దాని ప్రస్తావన అరుదు. కొత్తగూడెం కేంద్రంగా ఉన్న సింగరేణి గని శ్రమను ఆధారం చేసుకొని, ఈ శాస్త్రం తెలుగు విమర్శకు ఏమి ఇవ్వగలదో, తెలుగు భాషాధ్యయనం ఈ శాస్త్రంలోని ఏ లోపాన్ని చూపగలదో పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. దేహాన్ని కొలిచి, ఆ దేహం పలికే మాటను వదిలేసే శాస్త్రం సగం శాస్త్రమేనని, కార్మికుని పదజాలం కూడా పనిచోటు రూపకల్పనకు ఆధారమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఎర్గోనామిక్స్, మానవ కారకాలు, సింగరేణి, తట్టా చెమ్మాస్, వృత్తి పదజాలం, శ్రమగేయం, గని సాహిత్యం.

1. ఉపోద్ఘాతం:

1871లో భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాల్లో అధికభాగాన్ని కొనుగోలు చేసింది. నేడు ఈ కంపెనీలో తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది. దాని ప్రధాన కార్యాలయం కొత్తగూడెంలో ఉంది. ఖమ్మం మైదానానికీ భద్రాచలం అడవికీ నడుమ ఉన్న ఈ పట్టణం గని చుట్టూ పెరిగింది. అందుకే ఇక్కడి పలుకుబడిలో గని గనిగా కాక ‘బాయి’గానే నిలిచింది. “బాయికి పోయిండు” అంటే నీళ్లకు పోయాడని కాదు, డ్యూటీకి పోయాడని అర్థం.

1990ల తొలినాళ్లలో లక్షకు పైబడి ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య నేడు నలభై వేల స్థాయికి తగ్గింది. ఆ కార్మికులతో పాటు వారి పనిముట్లు, వాటి పేర్లు కూడా కనుమరుగవుతున్నాయి. ‘చెమ్మాస్’ అనే మాటను తాత నోట విన్న విద్యార్థులు నా తరగతిలో ఉన్నారు. ఆ పనిముట్టును చూసినవారు మాత్రం లేరు. ఒక మాట పోయినప్పుడు దానితో పాటు ఏ జ్ఞానం పోతుందన్న ప్రశ్నే ఈ వ్యాసానికి మూలం.

‘ఎర్గోనామిక్స్’ అనే పదం గ్రీకు భాషలోని పని, నియమం అనే అర్థాలు గల రెండు మాటల కలయిక. 1857లో పోలెండు శాస్త్రజ్ఞుడు యస్త్రెంబోవ్‌స్కీ దీనిని వాడాడు. 1949లో బ్రిటన్‌లో మర్రెల్ ఆధునికార్థంలో ప్రచారంలోకి తెచ్చాడు. నేడు ఈ శాస్త్రాన్ని మూడు పాయలుగా చూస్తున్నారు. దేహభంగిమ, బరువు, కంపనం వంటివాటిని పరిశీలించేది మొదటిది. చూపు, వినికిడి, గ్రహణం, నిర్ణయం వంటివాటిని పరిశీలించేది రెండవది. పనివేళలు, బృందం, పర్యవేక్షణ వంటి వ్యవస్థాగత విషయాలను పరిశీలించేది మూడవది. ఈ మూడింటినీ గని శ్రమకు అన్వయించి చూద్దాం.

2. మూర, జాన, బార – దేహమే కొలమానం:

పనిని దేహంతో సరిపోల్చడం తెలుగువారికి కొత్త ఆలోచన కాదు. మన సంప్రదాయ కొలతల్లో చాలాభాగం దేహం నుంచి పుట్టినవే. బెత్తెడు, జాన, మూర, బార పొడవును చెబుతాయి. చిటికెడు, పిడికెడు, దోసెడు పరిమాణాన్ని చెబుతాయి. నిలువు, నిలువెత్తు అనేవి లోతునూ ఎత్తునూ చెబుతాయి. ఈ కొలతల్లో ఒక సౌలభ్యం, ఒక చిక్కు రెండూ ఉన్నాయి. పూలమ్మే ఆమె మూర, కొనే ఆమె మూర ఒకటి కావు. బేరంలో ఈ తేడా తగవుకు దారితీస్తుంది. కానీ పనిముట్టు విషయంలో ఈ తేడాయే మేలు చేస్తుంది. ఊరి వడ్రంగి నాగలి మేడిని దున్నేవాని ఎత్తును చూసి అమర్చగలడు. కొడవలి పిడిని కోసే చేతికి పట్టించి చూడగలడు. ఇక్కడ చేసేవాడికి వాడేవాడు ఎదురుగా ఉంటాడు.

పరిశ్రమలో ఈ ముఖాముఖి సంబంధం తెగిపోతుంది. పనిముట్టును ఒకచోట రూపొందిస్తారు, మరొకచోట కొంటారు, వేరొకచోట వాడతారు. రూపకర్త మనసులో ఒక ‘ఊహాదేహం’ ఉంటుంది. సాహిత్య విమర్శలో ప్రతి రచనకూ ఒక ఊహాపాఠకుడు ఉంటాడని చెప్పుకుంటాం. అదేవిధంగా ప్రతి పనిచోటుకూ ఒక ఊహాదేహం ఉంటుంది. ఆ దేహం ఎవరిదన్నది విమర్శకుడు అడగవలసిన మొదటి ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఎర్గోనామిక్స్ ఇచ్చిన సమాధానం దేహమాన శాస్త్రం. అహ్మదాబాదులోని జాతీయ డిజైన్ సంస్థ 1997లో దేవ్‌కుమార్ చక్రవర్తి రచించిన భారతీయ దేహకొలతల గ్రంథాన్ని ప్రచురించింది. సాధారణంగా డిజైన్‌లో అతి చిన్న 5 శాతాన్నీ అతి పెద్ద 5 శాతాన్నీ మినహాయించి, నడుమనున్న 90 శాతానికి సరిపోయేలా కొలతలు నిర్ణయిస్తారు. వడ్రంగి పద్ధతితో పోల్చితే ఇది లక్షలమందికి ఉపకరించే మార్గం. అయినా ఈ లెక్కను స్త్రీ పురుషులిద్దరి కొలతలపై వేశారా, పురుషుల కొలతలపై మాత్రమే వేశారా అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది.

1952 నాటి గనుల చట్టంలోని 46వ విభాగం స్త్రీలను భూగర్భంలో పనికి నియమించడాన్ని నిషేధించింది. 2019 జనవరిలో కేంద్ర ప్రభుత్వం సాంకేతిక, పర్యవేక్షక, నిర్వహణ పనుల్లో స్త్రీలను నిబంధనలకు లోబడి భూగర్భంలో నియమించడానికి అనుమతినిచ్చింది. అంటే ఆరున్నర దశాబ్దాల పాటు భూగర్భ గనిలో ఊహాదేహం చట్టప్రకారమే పురుషదేహం. బెల్టు, బూటు, టోపీ, నడుముకు కట్టే దీపం బ్యాటరీ, చేతికందవలసిన మీట అన్నీ ఆ దేహానికే సరిపడేలా స్థిరపడ్డాయి. చట్టం ఒక ఉత్తర్వుతో మారుతుంది. మీట ఎత్తు ఉత్తర్వుతో మారదు. స్త్రీలకు గని తలుపు తెరిచామని చెప్పుకునేటప్పుడు, లోపలి పనిచోటును ఎవరి మూరతో కొలిచారని అడగడం విమర్శ బాధ్యత.

3. తట్టా చెమ్మాస్ – పనిముట్టును చదవడం:

సింగరేణిలో యంత్రాలు విస్తరించక ముందు పేల్చిన బొగ్గును టబ్బుల్లోకి నింపినవారు కోల్ ఫిల్లర్లు. వారి పనిముట్లు తట్ట, చెమ్మాస్. తట్ట మన ఊళ్లలో మట్టిపనికీ ఎరువుకూ వాడేదే. చెమ్మాస్ అంటే బొగ్గును ఎత్తే పార. ఈ మాట ఉర్దూలోని ‘చమ్మచ్’ను గుర్తుకు తెస్తుంది. ఈ జంటపదం క్రమంగా పనిముట్లను దాటి పనినే సూచించే స్థాయికి ఎదిగింది. “తట్టా చెమ్మాస్ పట్టిన తరం” అంటే సింగరేణిలో ఒక చారిత్రక దశ. పనిముట్టు పేరు కాలానికి పేరైన ఉదాహరణ ఇది.

ఒక టన్ను బొగ్గును ఇరవై కిలోల తట్టలతో నింపాలంటే యాభైసార్లు వంగాలి, యాభైసార్లు లేవాలి, యాభైసార్లు టబ్బు అంచుదాకా ఎత్తాలి. కోల్ ఫిల్లర్ వేతనం నింపిన టబ్బులతో ముడిపడినది. కనుక విశ్రాంతి తీసుకున్న ప్రతి నిమిషమూ కూలిలో కోతే. దేహం అలసట తెలిపే సంకేతానికీ, వేతనం చేసే ఒత్తిడికీ ఇక్కడ ఘర్షణ ఏర్పడుతుంది.

పార శాస్త్రీయ అధ్యయనానికి వస్తువు కావడం కొత్త కాదు. పందొమ్మిదో శతాబ్దపు చివరి ఏళ్లలో అమెరికాలోని బెత్లెహెం ఉక్కు కర్మాగారంలో ఫ్రెడరిక్ టేలర్ పార పనిని కొలిచాడు. అప్పటివరకు ఒకే పారతో తేలికైన బొగ్గుపొడినీ బరువైన ఇనుపఖనిజాన్నీ ఎత్తేవారు. పారకు సుమారు 21 పౌండ్లు, అంటే తొమ్మిదిన్నర కిలోలు, పడినప్పుడు రోజంతటికీ అత్యధికంగా పని సాగుతుందని అతడు నిర్ణయించి, ఒక్కో పదార్థానికి ఒక్కో పారను సమకూర్చాడు. పనిముట్టును పదార్థానికి తగినట్లు మార్చడం నిస్సందేహంగా ముందడుగే. కానీ అతడు కోరినది కార్మికుని సౌఖ్యం కాదు, అధికోత్పత్తి. యార్డులో పనిచేసేవారి సంఖ్య 400–600 నుంచి 140కి తగ్గిందని టేలరే తన విజయంగా చెప్పుకున్నాడు. మనిషికి పనిని సరిపెట్టడం, పనికి మనిషిని సరిపెట్టడం అనే రెండు దృక్పథాల మధ్య తేడా ఇక్కడే ఉంది. ఒకే కొలత రెండింటికీ ఉపయోగపడగలదు. కనుక కొలతను చూసి శాస్త్రాన్ని మెచ్చుకోవడం తొందరపాటవుతుంది. ఆ కొలత ఎవరికోసమో చూడాలి.

ఇదే జాగ్రత్త ఇటీవలి సూత్రాల విషయంలోనూ అవసరం. బరువులెత్తే పనికి ప్రపంచవ్యాప్తంగా వాడుతున్న అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సమీకరణం 1991లో సవరించబడింది. అనుకూల పరిస్థితుల్లో 23 కిలోలను అది గరిష్ఠ పరిమితిగా తీసుకుంటుంది. బరువు దేహానికి దూరమైనకొద్దీ, నడుము తిరిగినకొద్దీ, ఎత్తే సార్లు పెరిగినకొద్దీ ఆ పరిమితి తగ్గుతుంది. అయితే ఈ సమీకరణం తనకు తానే కొన్ని హద్దులు పెట్టుకుంది. పార పనికి, మోకాళ్లపై చేసే పనికి, ఇరుకుచోట్లలో చేసే పనికి, 19–26 డిగ్రీల సెల్సియస్ పరిధిని బాగా దాటిన చోట్లకు ఇది వర్తించదని దాని అన్వయ సూచికే చెబుతుంది. మన బొగ్గుగనుల నిబంధనలు పనిచోట తడిబల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు మించరాదని, 30.5 డిగ్రీలు దాటితే గాలి సెకనుకు కనీసం ఒక మీటరు వేగంతో వీచాలని అంటాయి. అంటే ప్రామాణిక సూత్రం ఏ పరిస్థితిని తన హద్దులకు వెలుపల ఉంచిందో, కోల్ ఫిల్లర్ సరిగ్గా ఆ పరిస్థితిలోనే పనిచేశాడు. సూత్రం తప్పు కాదు. దాని ఊహాదేహం గోదాములో నిలబడిన దేహం, బాయిలో వంగిన దేహం కాదు. హద్దులు చూడకుండా దానిని గనికి అన్వయించడం శాస్త్రం పేరిట జరిగే పొరపాటు.

4. పాట, చప్పుడు, వినికిడి:

శ్రమగేయాల గురించి మన జానపద విమర్శలో తరచు వినబడే నిర్ధారణ ఒకటుంది. శ్రమను మరచిపోవడానికే పాట పుట్టిందన్నది ఆ నిర్ధారణ. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపదగేయ సాహిత్యం’ నాటి నుంచి శ్రామిక గేయాల అధ్యయనం మనకు బలమైన సంప్రదాయంగా ఉంది. ఆ సంప్రదాయాన్ని గౌరవిస్తూనే ఈ నిర్ధారణను పునఃపరిశీలించవలసి ఉంది. పడవను లాగేవారు ‘హైలెస్సా’ అన్నప్పుడు వారు శ్రమను మరచిపోవడం లేదు. అందరి బలం ఒకే క్షణంలో ఒకేచోట పడేలా శ్రమను గుర్తుంచుకుంటున్నారు. ఎప్పుడు ఊపిరి పీల్చాలో, ఎప్పుడు బిగపట్టాలో, ఎప్పుడు వదలాలో లయ చెబుతుంది. ఈ దృష్టితో చూస్తే శ్రమగేయం పనికి అలంకారం కాదు. అది కూడా ఒక పనిముట్టే. దంపుడు పాటలో ఇద్దరి రోకళ్లు ఒకదానికొకటి తగలకుండా ఉండటం రసానుభూతికి సంబంధించినదే కాదు, భద్రతకూ సంబంధించినది.

గనిలో ఈ శబ్దసంబంధం మరో రూపం దాల్చుతుంది. పైకప్పును కడ్డీతో తట్టి చూడటం గనిపనిలో పాతకాలపు పరీక్ష. గట్టి బండ ఖంగుమంటుంది. పొర వీడిన బండ బోలుగా మోగుతుంది. కర్ర దిమ్మెలను ఆధారంగా నిలిపిన రోజుల్లో, పైబరువు పెరుగుతున్నప్పుడు కర్ర కిర్రుమని ముందే హెచ్చరిస్తుందని అనుభవజ్ఞులు చెబుతారు. అంటే గనిలో చెవి కూడా ఒక రక్షణ సాధనం. యంత్రం హోరు ఈ సాధనాన్ని మూసివేస్తుంది. శబ్దాన్ని చెవికి కలిగే హానిగా మాత్రమే డెసిబెళ్లలో కొలిస్తే సగం నష్టమే లెక్కకు వస్తుంది. ఆ హోరులో వినబడకుండా పోయిన హెచ్చరిక మిగతా సగం. రెండవ పాయకు చెందిన మానవ కారకాల అధ్యయనం ఈ రెండవ సగాన్ని గుర్తించడానికి తోడ్పడుతుంది.

5. యంత్రం వచ్చిన తర్వాత:

యంత్రీకరణతో ఈ సమస్య తీరిపోయిందనే అభిప్రాయం ఉంది. తట్ట పోయింది, ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు వచ్చాయి. కొత్తగూడెం ప్రాంతంలోని వీకే–7 ఇంక్లైన్ వంటి చోట్ల కంటిన్యుయస్ మైనర్ కూడా వచ్చింది. సత్తుపల్లి జేవీఆర్ వంటి ఓపెన్‌కాస్ట్ గనుల్లో డంపర్లు, షవెళ్లు పనిచేస్తున్నాయి. యాభైసార్లు వంగే నడుముకు విముక్తి కలిగిన మాట నిజం. దానిని తక్కువ చేయడం న్యాయం కాదు.

అయితే భారం పోలేదు, దేహంలో చోటు మార్చుకుంది. ఎల్‌హెచ్‌డీ యంత్రం ముందుకూ వెనుకకూ సమానంగా నడవాలి. అందువల్ల దాని ఆపరేటరు ప్రయాణదిశకు అడ్డంగా, పక్కవాటుగా కూర్చుంటాడు. షిఫ్టు పొడుగునా మెడను ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పాలి. నడుము మోసిన భారం మెడకు చేరింది. డంపర్ ఆపరేటరు కూర్చున్న సీటు గుండా కంపనం వెన్నెముకకు చేరుతుంది. సర్వదేహ కంపనాన్ని అంచనా వేయడానికి ఐఎస్ఓ 2631 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉండటమే ఈ సమస్య తీవ్రతకు నిదర్శనం. తట్ట మోసినవాని శ్రమ చూసేవారికి కనబడేది. కూర్చున్నవాని శ్రమ కనబడదు. “కూర్చునే పనే కదా” అనే మాటలో ఈ కనబడనితనం దాగి ఉంది. చెమటను శ్రమకు ఏకైక గుర్తుగా భావించే మన అభ్యాసాన్ని, సాహిత్యంలోనూ బయటా, సవరించుకోవాలి.

మూడవ పాయకు సంబంధించిన హెచ్చరిక బొగ్గుగని నుంచే వచ్చింది. 1951లో ఎరిక్ ట్రిస్ట్, కెన్ బాంఫర్త్ బ్రిటన్ బొగ్గుగనుల్లో లాంగ్‌వాల్ పద్ధతి వల్ల కలిగిన సామాజిక, మానసిక ఫలితాలపై ఒక వ్యాసం ప్రచురించారు. బాంఫర్త్ పూర్వం స్వయంగా గని కార్మికుడు. చేతిపని కాలంలో చిన్న బృందం తవ్వడం, నింపడం, ఆధారాలు నిలపడం అన్నీ కలిసి చేసేది. ఒకరి మీద ఒకరికి నమ్మకం ఉండేది. కొత్త పద్ధతి ఆ పనిని వేర్వేరు షిఫ్టులకు పంచింది. ఒక షిఫ్టు లోపాన్ని మరో షిఫ్టు మోయవలసి వచ్చింది. బృందం విచ్ఛిన్నమైంది. యంత్రం ఎంత మంచిదైనా పనిచేసేవారి పరస్పర సంబంధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఆశించిన ఫలితం రాదని ఈ అధ్యయనం తేల్చింది. పర్మినెంటు, బదిలీ, కాంట్రాక్టు అనే విభజనల మధ్య సాగే నేటి గని శ్రమను పరిశీలించేవారికి ఈ అంశం ఎంతో ఉపకరిస్తుంది. పక్కవాని పద్ధతి తెలియకుండా, కొన్నిసార్లు పక్కవాని భాష కూడా తెలియకుండా చేసే పనిలో ప్రమాదం యంత్రంలోనే కాదు, మనుషుల నడుమ ఖాళీలో కూడా ఉంటుంది.

6. ప్రమాద వాక్యంలో కర్త ఎవరు?

తెలుగు వ్యాకరణం చదివినవారు ఈ చర్చకు ప్రత్యేకంగా అందించగలిగినది ఒకటుంది. అది వాక్య పరిశీలన. ప్రమాద వార్తల్లో సాధారణంగా కనబడే మూడు వాక్యరూపాలను తీసుకుందాం.

(అ) గనిలో ప్రమాదం జరిగింది.
(ఆ) పైకప్పు కూలి కార్మికుడు మరణించాడు.
(ఇ) కార్మికుని అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగింది.

మొదటి వాక్యంలో ప్రమాదమే కర్త. ‘జరుగు’ అకర్మక క్రియ కనుక జరిపినవారెవరన్న ప్రశ్నకు వాక్యంలో చోటు లేదు. రెండవదానిలో కూలినది పైకప్పు. అది ప్రకృతి చర్యగా కనబడుతుంది. ‘కూలు’కు బదులు ‘కూలనిచ్చు’ అన్నామంటే వెంటనే ఒక కర్తను వెదకవలసి వస్తుంది. మూడవదానిలో మొదటిసారిగా ఒక మనిషి కారణంగా ప్రవేశిస్తాడు. కానీ ఆ మనిషి దెబ్బతిన్నవాడే. మూడు వాక్యాల్లోనూ పనిచోటును రూపొందించినవారికి వ్యాకరణ స్థానం లేదు.

‘మానవ తప్పిదం’ అనే పదబంధం మూడవ వాక్యానికి సంక్షిప్తరూపం. మానవ కారకాల శాస్త్రం చేసిన గొప్ప మేలు ఈ పదబంధాన్ని తలకిందులు చేయడం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా బాంబర్ విమానాలను సురక్షితంగా దింపిన తర్వాత పైలట్లు పొరపాటున చక్రాలను ముడిచివేసేవారు. దానిని పైలట్ తప్పిదమని నమోదు చేసేవారు. అల్ఫాన్స్ చపానిస్ అనే మనోవిజ్ఞాన శాస్త్రజ్ఞుడు కాక్‌పిట్‌ను పరిశీలించి, రెక్కల మడతలను కదిలించే మీట, చక్రాల మీట పక్కపక్కనే ఒకే ఆకారంలో ఉన్నాయని గుర్తించాడు. చక్రాల మీటకు చిన్న చక్రం ఆకారాన్ని, రెండవదానికి మరో ఆకారాన్ని ఇవ్వగానే పొరపాటు పోయింది. పైలట్లు మారలేదు, మీట మారింది. తప్పిదం విచారణకు ముగింపు కాదు, అక్కడినుంచే విచారణ మొదలు కావాలన్నది దీని సారం.

ఈ విషయం భాషకు సంబంధించినది మాత్రమే కాదు. నష్టపరిహారం, శిక్ష, తర్వాతి షిఫ్టు భద్రత అన్నీ ఆ వాక్యం ఎలా రాశారన్నదానిపై కొంతవరకు ఆధారపడతాయి. “అజాగ్రత్త వల్ల” అని రాస్తే ఆ మనిషిని హెచ్చరిస్తారు. “మీటలు ఒకేలా ఉండటం వల్ల”, “హోరులో హెచ్చరిక వినబడకపోవడం వల్ల” అని రాస్తే పనిచోటును సరిచేస్తారు. కారణాన్ని తెలిపే ‘వల్ల’ అనే చిన్నమాటకు ముందు ఏమి ఉంచుతామన్నది ఒక కుటుంబానికి జీవన్మరణ సమస్య కావచ్చు.

7. గని సాహిత్యాన్ని చదవవలసిన తీరు:

గని దేహాన్ని సాహిత్యం శాస్త్రం కంటే ముందే చూసింది. 1885లో వెలువడిన ‘జెర్మినల్’ నవలలో ఎమిలీ జోలా ఇరుకు పొరలో పక్కకు ఒరిగి బొగ్గు తవ్వే మనుషులను చిత్రించాడు. 1937లో వెలువడిన ‘ది రోడ్ టు విగన్ పియర్’లో జార్జ్ ఆర్వెల్ బొగ్గు తవ్వే చోటుకు చేరడానికి వంగి నడిచిన నడకను వర్ణించి, ఆ నడకకు కార్మికునికి కూలి లేదన్న సంగతిని గుర్తుచేశాడు. భంగిమ వర్ణన అక్కడ ఆర్థిక విమర్శగా మారింది.

తెలుగులో అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి, పి. చంద్ తదితరులు సింగరేణి జీవితాన్ని కథగా, నవలగా మలిచారు. వీరి రచనలపై వచ్చే పరిశోధనల్లో వస్తువు, వర్గచైతన్యం, ఉద్యమ నేపథ్యం, మాండలికం అనే అధ్యాయ విభజన తరచు కనిపిస్తుంది. ఈ విభజన అవసరమే. కానీ ఈ చట్రంలో దేహం రెండు శీర్షికల మధ్య జారిపోతుంది. వర్గచైతన్యం అధ్యాయంలో కార్మికుడు పిడికిలి బిగించిన చేయిగా కనబడతాడు. మాండలికం అధ్యాయంలో క్రియాపదాల పట్టికగా మారతాడు. ఆ చేయి రోజంతా ఏ పిడిని పట్టుకుందో, ఆ క్రియాపదం ఏ భంగిమలోంచి వెలువడిందో అడిగే అధ్యాయం ఉండదు.

అందువల్ల గని సాహిత్యంపై పనిచేసే పరిశోధకులు ఈ ఐదు ప్రశ్నలను అదనంగా వేసుకోవచ్చునని ఈ వ్యాసం సూచిస్తుంది. పాత్ర పనిచేసేటప్పుడు దాని దేహభంగిమ ఏమిటి? పనిముట్టు ఎవరిది, ఎవరి కొలతకు తగినది? వెలుతురు ఎంత, ఏ శబ్దం వినబడుతోంది, ఏది వినబడటం లేదు? పనివేళ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తోంది? పక్కన ఎవరున్నారు, వారితో ఏ భాషలో మాట్లాడుతున్నారు? ఈ ప్రశ్నలు వర్గ విశ్లేషణకు పోటీ కావు. దోపిడీ ఒక భావన. అది నడుములో, మోకాలిలో, ఊపిరితిత్తిలో ఎక్కడ నమోదైందో చూపినప్పుడు ఆ భావనకు సాక్ష్యం దొరుకుతుంది.

8. పదకోశం నుంచి పనిచోటుకు:

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు సంబంధించిన మాండలిక వృత్తి పదకోశాలు వెలువడ్డాయి. ఆ సంప్రదాయాన్ని గని శ్రమకు విస్తరింపజేయవలసిన సమయమిది. సింగరేణి పదజాలం తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు భాషల సంగమం. బాయి, తట్ట తెలుగువి. సర్దార్, బదిలీ వంటివి ఉర్దూ పాలనా వ్యవస్థ ద్వారా స్థిరపడినవి. మస్టర్, డిప్పు, టబ్బు, ట్రామర్, షాట్‌ఫైరర్ ఇంగ్లీషు నుంచి వచ్చినవి. సెలవురోజు చేసే డ్యూటీకి ‘ప్లేడే’ అనే పేరుంది. ఆటరోజు అనే అర్థం గల మాట అదనపు పనికి పేరు కావడం భాషాశాస్త్రపరంగానే కాక సామాజికంగానూ ఆలోచింపజేస్తుంది.

ఈ పదాలను సేకరించడం జ్ఞాపకాల కోసమే అయితే దాని ప్రయోజనం పరిమితం. 1966 నాటి గనుల వృత్తిశిక్షణ నియమాల ప్రకారం గనిలో చేరేవారికి శిక్షణ తప్పనిసరి. ఆ శిక్షణలో ఏ మాట వాడాలన్నది మానవ కారకాలకు చెందిన ప్రశ్నే. ప్రమాద హెచ్చరికను గ్రహించడానికి ఉన్న వ్యవధి క్షణకాలం. ఆ క్షణంలో ‘రూఫ్’ అనే మాట పనిచేస్తుంది. దాని స్థానంలో మనం భాషాభిమానంతో కల్పించే దీర్ఘసమాసం పనిచేయదు. పరిభాషా నిర్మాణంలో స్వచ్ఛత కంటే తక్షణ గ్రహణం ముఖ్యమయ్యే రంగాలున్నాయని తెలుగు శాఖలు అంగీకరించాలి. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో కోయభాష మాతృభాషగా గలవారు ఉన్నారు. కాంట్రాక్టు పనుల్లోకి హిందీ రాష్ట్రాలవారూ వస్తున్నారు. కనుక హెచ్చరిక భాష ఒక్క ప్రామాణిక తెలుగుకు పరిమితమైతే చాలదు.

మరొక ముఖ్యమైన ప్రయోజనం కూడా ఉంది. నొప్పిని చెప్పే మాటలు మనకు ఎన్నో ఉన్నాయి. గుంజడం, పీకడం, సలపడం, పోటు, తిమ్మిరి, పట్టేయడం, మంట అనే వాటిలో ఒక్కొక్కటి ఒక్కో అనుభవాన్ని సూచిస్తుంది. ‘నొప్పి ఉందా? లేదా?’ అని అడిగే ప్రశ్నావళి ఈ భేదాలన్నింటినీ ఒకే గడిలో వేస్తుంది. మెడ ‘పట్టేసింది’ అన్నవాని సమస్య, చేయి ‘తిమ్మిరెక్కింది’ అన్నవాని సమస్య ఒకటి కావు. మొదటిది భంగిమను, రెండవది కంపనాన్ని లేదా నరంపై ఒత్తిడిని అనుమానించవలసిన సూచన కావచ్చు. ఎర్గోనామిక్స్ సర్వేలు తయారుచేసేవారి పక్కన తెలుగు భాషా పరిశోధకుడు కూర్చోవలసిన అవసరం ఇక్కడ స్పష్టమవుతుంది.

9. ముగింపు:

పై చర్చ ద్వారా తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. ప్రతి పనిచోటుకూ ఒక ఊహాదేహం ఉంటుంది. ఆ దేహం ఎవరిదో గుర్తించడం సాహిత్య విమర్శ పద్ధతికి సహజంగా అనువైన పని.

2. ఎర్గోనామిక్స్ సూత్రాలు తమ హద్దులను తామే చెప్పుకుంటాయి. ఆ హద్దులను విస్మరించి గనికి అన్వయించడం అశాస్త్రీయం.

3. శ్రమగేయం శ్రమను మరపించేది మాత్రమే కాదు, శ్రమను సమన్వయపరిచే సాధనం కూడా.

4. యంత్రీకరణ శ్రమను తొలగించలేదు. దానిని కనబడని చోటికి తరలించింది.

5. ప్రమాద వాక్యంలో పనిచోటు రూపకర్తకు స్థానం కల్పించడం భాషాపరమైన న్యాయం. దానిపై కార్మికుని న్యాయం కొంతవరకు ఆధారపడి ఉంది.

6. గని వృత్తి పదకోశ నిర్మాణం ఆలస్యం చేయదగిన పని కాదు. తట్టా చెమ్మాస్ పట్టిన తరం వృద్ధాప్యంలో ఉంది.

కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరు, సత్తుపల్లి ప్రాంతాల కళాశాలల్లో తెలుగు చదివే విద్యార్థుల్లో గని కుటుంబాలవారు ఉన్నారు. వారి ఇళ్లలోనే ఈ పదకోశానికి కావలసిన సాక్షులు ఉన్నారు. పీహెచ్‌డీ అంశం కోసం వెదికే పరిశోధకుడు ముందు తన ఇంటి అరుగు మీద కూర్చున్న పెద్దాయనను, ఆ చెమ్మాస్ పిడి ఎంత పొడవుండేదో అడగాలి. ఆయన బహుశా సెంటీమీటర్లలో చెప్పడు. చేయి చాచి, మోచేతి నుంచి కొలిచి చూపిస్తాడు. ఆ మూరను రాసుకోవడంతోనే మన పరిశోధన మొదలు కావాలి.